ఐదుకూ ఐదున్నరకూ నడుమ

2022వ సంవత్సరం, ఫిబ్రవరి నెల. బళ్లారి కౌల్ బజారులో, జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్‌కు పై అంతస్తులో నా సంగీత తరగతి నడిచేది. ఒక ప్రైవేటు పాఠశాలలో ముప్పై మూడేండ్లు సంగీతోపాధ్యాయినిగా పనిచేసి విరమించిన తరువాత, ఊరకుండలేక, అక్కడే మా ఇంటి ముందుగదిలో ఉదయం ఏడు మొదలు ఎనిమిదిన్నర వరకు పది పన్నెండుగురు పిల్లలకు గాత్రం చెప్పేదానిని. క్రింద కుట్టుమిషన్లు తొమ్మిదికి మొదలవుతాయి. అవి మొదలైన పిదప మా స్వరాలు మాకే వినబడవు. కనుక మా సాధనకు కాలపరిమితిని నిర్ణయించినది ఏ శాస్త్రమూ కాదు, జీన్స్ గుడ్డ.

సంగీతం నేర్పడమంటే పాటలు నేర్పడమని లోకులు తలుస్తారు. తొలి మూడు నెలలు మా తరగతిలో పాట అనేదే లేదు. శ్రుతి పెట్టె మ్రోగుతూ ఉంటుంది. పూర్వం తంబురా చేసిన పనిని ఇప్పుడు కరెంటుతో నడిచే ఈ చిన్న పెట్టె చేస్తున్నది. ఎడతెగకుండా ఒకే ఆధారస్వరాన్ని పలుకుతుంది. పిల్లలు కన్నులు మూసుకొని తమ ‘స’ను ఆ నాదంలో కలపాలి. ఆ కలయికనే శ్రుతి పట్టడమంటాము. ఆధారస్వరపు ఎత్తుకు అంకెలు ఉన్నవి. పురుషులు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతులలోను, ఆడవారు ఐదు, ఐదున్నర శ్రుతులలోను పాడుతారు. నా తరగతి శ్రుతి ఐదున్నర. పెట్టెమీద ఫైన్ ట్యూన్ అనే మరొక చిన్న బొడిపె ఉంటుంది. ఒక అంకెకూ మరొక అంకెకూ నడుమ వెంట్రుకవాసి హెచ్చుతగ్గులు చేయడానికి అది పనికివస్తుంది. పిల్లలు ఆడుకొంటూ త్రిప్పుతారని నేను దానిమీద ఒక ప్లాస్టరు ముక్క అంటించి ఉంచాను. పదేండ్లలో దానిని ఊడదీయవలసిన అవసరం నాకు కలుగలేదు.

మా గురువుగారి కట్టడి ఒకటి ఉండేది. మూడు నెలలలో శ్రుతి నిలవని పిల్లను పట్టి ఉంచరాదు. తల్లిదండ్రులకు ఉన్నమాట చెప్పి పంపివేయాలి. అది నిర్దయ కాదనీ, పిల్లకు వేరొక విద్యను వెదకుకొనే వ్యవధి ఇవ్వడమనీ ఆయన అనేవారు. నేను దానిని నలభై ఏండ్లకు పైబడి పాటించాను.

ఆ ఫిబ్రవరి మొదట్లో ఒక ఉదయం ఈరమ్మ అనే ముసలామె తొమ్మిదేండ్ల మనుమరాలిని వెంటబెట్టుకొని మెట్లెక్కి వచ్చింది. ఈరమ్మ మా వీధి చివరనే ఉంటుంది. కుట్టిన ప్యాంట్లకు మిగిలిపోయిన దారాలు కత్తిరించే పని చేస్తుంది. ఆమె చీర కుచ్చెళ్లలో నీలిదారాలు చిక్కుకొని ఉన్నాయి.

“టీచరమ్మా, ఇది నా కూతురి బిడ్డ. చైత్ర. నాలుగో క్లాసు. స్కూల్లో కౌన్సెలర్ మేడమ్ చెప్పినారు, మ్యూజిక్కుకి పంపండి, మనసు హగుర అయితాదని” అన్నది. తేలికపడుతుందని ఆమె భావం. మా ఊరిలో కన్నడం, తెలుగు ఒకే వాక్యంలో కాపురం చేస్తాయి.

“పాపకు ఏమైంది?”

“ఏమైందని చెప్పేది తల్లీ. దీని అమ్మ నాగవేణి మొగుని ఇడిసిపెట్టి కుడతిని ఊరి నించి వచ్చేసి ఏడు నెల్లాయె. ఆయప్ప పేరెత్తితే ఇంట్ల అగ్గే. ఈ పాపేమో ఏడ్చదు, నవ్వదు. ఏమడిగినా తల ఊపుతాది. గోర్లు కొరుక్కోని కొరుక్కోని నెత్తురు తెప్పించుకుంటాది. జూన్ కల్లా సరి కాకుంటే హాస్టల్లో ఏస్తా అంటాది దీని అమ్మ. ఊరుగాని ఊర్లో! పిల్లోళ్లతో కలిస్తే సరైతాదని దాని లెక్క. నాకైతే ఆ యోచనకే నిద్ర పట్టదు. ఇది ఈడ్నించి కూడా పోతే ఇంక మాట్లాడేదే మరిచిపోతాది.”

ఆ సంభాషణ జరుగుతున్నంతసేపు చైత్ర మమ్ములను చూడలేదు. శ్రుతి పెట్టె ముందు మోకాళ్లమీద కూర్చొని, దాని ఎర్రదీపాన్ని చూస్తూ, తల ఒక ప్రక్కకు వాల్చి వింటున్నది. ఏదో సరిపోలనట్లు కనుబొమలు ముడిచింది. ఆ ముడిని నేను చూశాను. చూసి, కొత్తచోటి బెరుకు అనుకొన్నాను.

ఆ పిల్ల గొంతు మంచిది. సన్నగా, తేటగా, గాలిలో వ్రేలాడే నూలుపోగువలె ఉండేది. మాట పెగలని పిల్లలు స్వరం పలకడానికి వెనుదీయరని నాకు అనుభవం. మాటకు అర్థం ఉంటుంది, అర్థానికి జవాబుదారీ ఉంటుంది. ‘స’కు అర్థం లేదు, కనుక భయమూ లేదు. కౌన్సెలర్ గారు మ్యూజిక్కుకు పంపమనడంలోని వివేకం అదే. చైత్ర మొదటి రోజుననే నోరు తెరిచింది. తెరిచినదంతా తప్పుగా ఉన్నది.

ఆమె ‘స’ ఐదున్నర శ్రుతిలో కలియదు. కొంచెం దిగువన నిలుస్తుంది. రెండు స్వరాలు మిక్కిలి చేరువగా ఉండీ ఒకటి కానప్పుడు గాలిలో ఒక వణకు పుడుతుంది. వినేవారికి పుల్లని మామిడిపిందె కొరికినట్లు పళ్లు జివ్వుమంటాయి. ఆ వణకు గదంతా నిండేది. శ్రుతి దిగినదనుకొని పెట్టెను ఐదుకు తగ్గించాను. ఇప్పుడామె స్వరం ఐదుకు పైన తేలింది. మరల ఐదున్నర పెట్టాను, మరల దిగువ. నా వేలితో ఆమె భుజంమీద తట్టి “పైకి, ఇంకా పైకి” అనేదానిని. పైకి వచ్చేది. ఊపిరి తీసుకొని తిరిగి పాడితే తన చోటికే జారిపోయేది.

సుహాసిని అని పదకొండేండ్ల శిష్యురాలు ఒకతె ఉండేది. చెవి ఎంత పదునో నాలుకా అంత పదును.

“టీచర్, దీని పాట బ్యాటరీ అయిపోయిన బొమ్మ మాదిరి ఉండాది” అన్నదొకనాడు. పిల్లలందరూ నవ్వారు.

“నీ నోటికి బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందో చెప్పు, పండుగ చేసుకొంటాము” అన్నాను. అందరూ మరల నవ్వారు. చైత్ర నవ్వలేదు. మరునాటి నుండి గొంతు సగం చేసుకొని పాడింది.

దీనికి తోడు ప్రతిదినమూ ఆలస్యం. ఈరమ్మ వచ్చి తలుపువద్ద మొత్తుకొనేది: “నేనేం చేసేదమ్మా! ఏడు కొట్టకముందే ఇంట్లోనించి పంపిస్తా. ఆ మూలమీద కరెంటు డబ్బా ఉండాదే, దాని కాడ నిలబడ్తాది. సుమ్నే, ఊరికే నిలబడ్తాది. షాక్ కొడ్తాదే, దూరం రావే అంటే వినదు.” మా వీధి మలుపులో ఇనుపకంచె లోపల ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది. పిల్లను కూర్చోబెట్టి విద్యుత్తు ఎంత ప్రమాదమో చెప్పాను. తల ఊపింది. మరునాడు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

ఏప్రిల్ చివరి సోమవారం నాగవేణి తానే వచ్చింది. ముప్పై ఏండ్ల స్త్రీ. మరొక వీధిలోని యూనిట్‌లో మిషను కుడుతుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“పనికి టైమైతాండాది టీచర్. సూటిగా చెప్పండి. దీనికి పాట వస్తాదా, రాదా?”

మూడు నెలలు నిండవచ్చాయి. నేను కట్టడిని తప్పలేదు. “శ్రుతి నిలవడం లేదమ్మా. గొంతు బాగున్నది, చెవి లేదు. బలవంతపెడితే పాపకే బాధ” అన్నాను.

“అంతేనా?”

“అంతే.”

“నేను అప్పుడే చెప్తిని మా అమ్మకి, దీనికి ఏదీ పట్టదు అని. సరే. హాస్టల్ ఫారమ్ తెచ్చిపెట్టుకోని ఉండా. ఈ వారంలో నింపిస్తా.” ఆమె కంఠంలో కోపం లేదు. చాలా దూరం మోసుకొని వచ్చిన బరువును దించే చోటు దొరకని మనిషి గొంతు అది.

చైత్ర అక్కడే ఉన్నది. విన్నది. తన చాపను చుట్టి గోడకు ఆనించింది. బడిలో నేర్పిన పద్ధతిలో చేతులు కట్టుకొని “థ్యాంక్యూ టీచర్” అని మెట్లు దిగింది. ఆమె స్వరాల నోటుపుస్తకం కిటికీలో ఉండిపోయింది.

నాలుగు దినాలు ఆ పుస్తకం నన్ను చూస్తూ ఉన్నది. శుక్రవారం మధ్యాహ్నం దానిని ఇచ్చివద్దామని బయలుదేరాను. శుక్రవారం నమాజు వేళ మా బజారు ఒక గంటసేపు మూగపోతుంది. దుకాణాల షట్టర్లు దిగి ఉన్నాయి. అన్నాల విరామం గనుక మిషన్లు ఆగి ఉన్నాయి. ఆటోలు లేవు. అంతటి నిశ్శబ్దంలో ఆ వీధిని నేను చాలాకాలంగా నడవలేదు.

మలుపువద్ద చైత్ర ఉన్నది. ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు ఎదురుగా ఒక మూసిన అంగడి అరుగుమీద, షట్టరుకు వీపు ఆనించి, కన్నులు మూసుకొని కూర్చున్నది. గద్దించబోయి ఆగిపోయాను. ఆమె పాడుతున్నది. నేను నేర్పిన సరళీ స్వరాలే. ఎక్కుతూ, దిగుతూ, తొందర లేకుండా. ఆ గొంతు క్రింద, ట్రాన్స్‌ఫార్మర్ లోపలినుండి, దినమంతా బజారు రొదలో మునిగి ఉండే ఒక నిలకడ నాదం వెలువడుతున్నది. ఆ రెండింటి నడుమ వణకు లేదు.

అరవై ఏండ్లుగా శ్రుతిలో బ్రతుకుతున్న చెవి నాది. ఎంత వెదకినా వణకు దొరకలేదు. ఆ పిల్ల ‘స’ ఆ నాదంలో పాలలో పాలు కలిసినట్లు కలిసి ఉన్నది. ‘ప’ వద్దకు వెళ్లి నిలిచినప్పుడు ఆ ఇనుపపెట్టెయే పంచమం పలుకుతున్నదా అనిపించింది. ఆ నాదపు ఎత్తును మనసులో కొలిచాను. అది ఐదు కాదు, ఐదున్నర కాదు. ఐదుకు కొంత పైన, ఐదున్నరకు చాలా క్రింద. మూడు నెలలు ఆమె నా గదిలో నిలిచిన చోటు అదే.

“చైత్రా” అన్నాను మెల్లగా.

ఉలికిపడి లేచి నిలుచున్నది. “ముట్టుకోలేదు టీచర్. దూరం నించే వింటాండా.”

“కోపం లేదు. ఏమిటి వింటున్నావు?”

తల ఊపుతుందనుకొన్నాను. నా చేతిలోని తన పుస్తకాన్ని చూసింది. తరువాత చెప్పింది. “ఇది మా ఇంటి సద్దు టీచర్.”

తన మనసులోని సంగతి ఆమె నాకు చెప్పిన మొదటి వాక్యం ఇది. ఆ వెనుక మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. కుడతినిలో విద్యుత్ కేంద్రపు స్విచ్‌యార్డు గోడ ప్రక్కన వారి అద్దె ఇల్లు. స్విచ్‌యార్డంటే పెద్ద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఉండే ఆవరణ. తండ్రి తిప్పేస్వామికి అందులోనే ఉద్యోగం, షిఫ్టుల పని. ఆ హోరు పుట్టినప్పటినుండి ఆమె ఇంట్లో ఉన్నది.

“నేను చిన్నగున్నప్పుడు నాయన డ్యూటీకి పోతే భయపడేదాన్నంట. నాయన చెప్పినాడు, ఈ సద్దు వస్తాన్నంతవరకు నేను గోడ అవతల ఉండా అనుకో, పిలిచేపని లేదు అని. ఈడికొచ్చినాక అవ్వ ఇంట్ల సద్దు లేదు. ఇది ఒక్కటే ఉండాది. ఫ్యాన్లు, మిషన్లు ఉంటే ఇది కూడా సరిగ వినపడదు.”

నేను ఆమె చేయి పట్టుకొని ఇంటికి తీసుకొని వచ్చాను. పెట్టెను ముందు పెట్టుకొని కూర్చొని, ప్లాస్టరు ముక్కను గోటితో ఊడదీశాను. పదేండ్ల జిగురు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఐదు శ్రుతి పెట్టి, ఫైన్ ట్యూన్ బొడిపెను కొద్దికొద్దిగా పైకి త్రిప్పసాగాను.

“నాకు తెలియదు. నీవే చెప్పాలి” అన్నాను. నా వృత్తిలో ఏ శిష్యురాలితోనూ నేను అంతకు ముందు అనని మాట.

“ఇంకా... ఇంకా... చాలు టీచర్. ఇదే.”

“పాడు.”

పాడింది. ఈసారి గొంతు సగం చేసుకోలేదు. సరళీ స్వరాల మొదటి వరుస ముగించి, రెండవ వరుసలో ‘మ’ వద్ద ఆగి, ఏడ్చింది. తొమ్మిది నెలలు ఆగిన ఏడుపు కదా, అందులో శబ్దం మొదట రాలేదు. భుజాలు మాత్రం కదిలాయి. ఆ పిదప శబ్దం వచ్చింది. నేను పెట్టెను ఆపలేదు. దగ్గరకు తీసుకొన్నాను. ఆ నాదం మ్రోగుతూనే ఉన్నది, ఆమె ఏడుస్తూనే ఉన్నది. పిల్ల ఏడ్వడానికి కూడా ఒక ఆధారస్వరం కావాలేమోనని ఆ క్షణాన తోచింది.

మనుమరాలు కానరాక ఈరమ్మ, అన్నానికి ఇంటికి వచ్చిన నాగవేణి వెదకుకొంటూ మెట్లెక్కి వచ్చారు. ఈరమ్మ ఏదో అడుగబోయింది. నాగవేణి గడపలోనే నిలిచిపోయింది. ఆమె చూపు కూతురిమీద లేదు, పెట్టెమీద ఉన్నది. నేనేమీ చెప్పకముందే ఆమె ముఖం మారిపోయింది.

“ఆపండి టీచర్ దాన్ని” అన్నది.

“అమ్మా, ఒక్క నిమిషం...”

“పదకొండేండ్లు విన్నా నేను దీన్ని. నిద్ర రాక విన్నా. ఆయప్ప డ్యూటీ అయిపోయినా ఇంటికి రాకుంటే వాకిట్లో కూసోని విన్నా. చెవుల్లో దూది పెట్టుకోని విన్నా. తప్పించుకోని ఈడికొస్తే, ఈడికి కూడా వచ్చెనా ఇది! ఆపండి!”

నా చేయి స్విచ్చి వద్దకు వెళ్లింది. ఆ తల్లి బాధా నిజమే. ఒకే నాదం ఒకరికి జోలగా, ఒకరికి శిక్షగా ఉండవచ్చునని నాకు అంతవరకు తెలియదు. ఆ గదిలో ఎవరి పక్షాన నిలవాలో నిర్ణయించే శక్తి నాకు లేకపోయింది. నిర్ణయించినది చైత్ర.

“ఆపొద్దుమా” అన్నది. ముక్కు తుడుచుకొని తల్లివైపు తిరిగింది. “నీకు కోపం కదా. నువ్వు నాయనతో మాట్లాడొద్దు. నేను మాట్లాడ్తా. నేను మాట్లాడొచ్చు కదా?”

నాగవేణి తలుపు రెక్క పట్టుకొన్నది. “ఇన్ని దినాలు ఎందుకే అడగలేదు?”

“అడిగితే నువ్వు ఏడుస్తావని.”

ఈరమ్మ నెత్తిన చేయి పెట్టుకొని చతికిలబడింది. “అయ్యో శివనే! దీన్ని మూగదాన్ని చేసి హాస్టల్లో ఏద్దామనుకుంటిమి కదే! దీని నోట్లో ఇంత ఉండాదా!”

నాగవేణి గడపమీదనే కూర్చున్నది. కొంగుతో ముఖం మూసుకొన్నది. నేను వాల్యూము తగ్గించాను, పూర్తిగా ఆపలేదు. తరువాత ఆమెతో చెప్పవలసిన మాట ఒకటి చెప్పాను. “సోమవారం నేను చెప్పినది తప్పమ్మా. నీ బిడ్డకు చెవి లేదన్నాను. నా పన్నెండుగురు పిల్లలలో ఇంతటి చెవి మరొకరికి లేదు. తన ఆధారం ప్రక్కన మ్రోగకుండా, మూడు నెలలు, తన శ్రుతిని తాను వెంట్రుకవాసి తప్పకుండా మోసింది. వినలేకపోయినది నేను.”

“పెద్దోళ్లు మీరు, అట్ల అనొద్దు” అన్నది ఆమె కొంగులోనుండే. కొంతసేపటికి లేచి కూతురి జుట్టు సవరించి, “పోదాం పా. అన్నం తిని ఫోన్ చేస్తువు” అన్నది. ఆ ఫారమ్ ఏమైనదో నేను అడుగలేదు. జూన్‌లో చైత్ర పాత బడికే వెళ్లింది.

నాగవేణి, తిప్పేస్వామి మరల కలిసి కాపురం చేయలేదు. అది సంగీతం చేయగల పని కాదు. కాని వారాంతపు సెలవునాడు తిప్పేస్వామి కుడతిని నుండి బస్సులో వచ్చి కూతురిని తీసుకొని వెళ్లడం, సాయంకాలానికి తెచ్చి దింపడం ఒక ఏర్పాటుగా స్థిరపడింది. ఒకసారి నా తరగతి అయ్యేవరకు క్రింద వీధిలోనే నిలబడ్డాడు. పైకి రమ్మని పిలిచాను.

“వద్దులేమ్మా, ఈడే బాగుండాది” అన్నాడు మొగమాటంగా. వేలితో మలుపువైపు చూపి అన్నాడు: “పాప చెప్పింది ఆ డబ్బా సంగతి. యాడున్నా అదే సద్దమ్మా. కుడతినిలో అయినా, కౌల్ బజార్లో అయినా కరెంటు ఊగేది ఒకటే ఫ్రీక్వెన్సీ. నేను దానికి ఊరికే భయం పోయేదానికి చెప్తిని. అది ఇంత గట్టిగ పట్టుకుంటాదని నాకేం తెలుసు?” నవ్వబోయాడు గాని నవ్వు పూర్తిగా రాలేదు. “పెద్దోళ్లం మాటలు ఏసి మరిచిపోతాం కదమ్మా.”

ఆనాటినుండి ప్రతి ఉదయం మొదటి పది నిమిషాలు తరగతి అంతా చైత్ర శ్రుతిలో పాడింది; ఆ పైన బొడిపెను కొద్దికొద్దిగా ఐదున్నరకు త్రిప్పితే ఆమె వెంట వచ్చేది. సుహాసినికి నచ్చలేదు. “ఇది ఏ నంబరు శ్రుతి టీచర్?” అన్నది. “దీనికి నంబరు లేదు” అన్నాను. “ఎగ్జామ్‌లో అడిగితే?” అన్నది. అయినా పిల్లలు వారం తిరగకుండా అలవాటు పడ్డారు. అలవాటు పడనిది నేనే. ఆ నడుమ స్వరంలో పాడినప్పుడల్లా ఇంటిలో ఒక మెట్టు ఎక్కువ ఉన్నట్లు కాలు తడబడేది.

చైత్ర గోళ్లు పెరిగాయి. నాలుగు మాసాలకు సుహాసినికి ఎదురుమాట చెప్పడం నేర్చింది. ఆ రోజున ఈరమ్మకు కబురు పంపితే పటికబెల్లం తెచ్చి అందరికీ పంచింది. ఇది సంగీతపు మహిమ అని కౌన్సెలర్ గారు అన్నారట. నేను అంత ధైర్యంగా అనలేను. సంగీతం మందు కాదు. ఆ పిల్ల దుఃఖాన్ని అది తీర్చలేదు. తండ్రి ఒక ఊరిలోను, తల్లి ఒక ఊరిలోను ఉండనే ఉన్నారు. మాటలలో పట్టని దానిని దాచుకొనే చోటు ఒకటి ఆమెకు దొరికింది. దాచుకొన్నదానిని సమయం వచ్చినప్పుడు బయటకు తీసే దారి కూడా అక్కడనే దొరికింది. పెద్దలం ‘ఏమైంది చెప్పు’ అని పిల్లలను అడుగుతాము. చెప్పడానికి మాట ఉంటే వారు ఏనాడో చెప్పి ఉండేవారు. స్వరం ముందు వస్తుంది. మాట దాని వెనుక, దాని కొంగు పట్టుకొని వస్తుంది. పిల్లలకు సంగీతం చెప్పించండి అని నన్ను అడిగేవారికి నేను చెప్పగలిగినది ఇంతే. పోటీలకని, బహుమతులకని చెప్పించవద్దు. ఆ వెనుక రావలసిన మాటకోసం చెప్పించండి.

మరుసటి ఏడు శీతకాలంలో ఒక ఉదయం నేను పరాకున బొడిపె త్రిప్పడం మరచి, ఐదున్నరతోనే తరగతి మొదలుపెట్టాను. సగం పాఠం అయిన తరువాత గుర్తుకు వచ్చింది. చైత్రవైపు చూశాను. అందరితోపాటు ఐదున్నరలో, వణకు లేకుండా, సుహాసిని చెవిలో ఏదో గుసగుసలాడి నవ్వుకొంటూ పాడుతున్నది. తన పది నిమిషాలు తప్పిపోయినట్లు ఆమెకే తెలియదు. సంతోషించవలసిన ఘడియ అది, సంతోషించాను కూడా. కాని ఆ నంబరులేని స్వరం నా గదినుండి వెళ్లిపోయినదని తెలిసి ఆ పూటంతా ఏదో పోగొట్టుకొన్నట్లు తిరిగాను. నేర్పడమంటే పిల్ల తన చోటినుండి మన చోటికి రావడమే అయినప్పుడు, ఆమె విడిచివచ్చిన చోటును తలచుకొనేందుకు ఒకరైనా ఉండాలి కదా. కొన్నాళ్లకు నాగవేణికి వేరొక పేటలో పని దొరికి ఇల్లు మారారు. ఇప్పుడు చైత్ర ఇంటిదగ్గరి మరొక టీచరు వద్ద నేర్చుకొంటున్నదని విన్నాను.

ఆ తరువాత నేను మూడు నెలల కట్టడిని విడిచిపెట్టాను. కొత్తపిల్ల వస్తే ముందు పెట్టెను ఆపి, “నీకు తోచిన చోట పాడు” అంటాను. విని, పెట్టెను అక్కడికి తెస్తాను. పిల్లను పెట్టె వద్దకు తేవడానికి తరువాత ఏండ్లు ఉన్నాయి. ఈ పద్ధతి నాకు పట్టుబడేసరికి నాకు డెబ్బై ఏండ్లు వచ్చాయి.

ఇప్పుడు తరగతి చిన్నది, తీరిక పెద్దది. ఆ తీరికలో, పాఠశాలలోను ఇంటిలోను నేను ‘శ్రుతి లేదు’ అని చెప్పి పంపివేసిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఎదుట కూర్చుంటారు. కోస్తానుండి వలసవచ్చి కాలువ క్రింద వరి పండించుకొనే కుటుంబపు పిల్ల ఒకతె; పుస్తకానికి ఎప్పుడూ పచ్చకాగితం అట్ట వేసేది. కూరెకుప్ప నుండి వచ్చే అక్కచెల్లెండ్రు ఇద్దరు. చెల్లెలికి నిలవలేదంటే అక్క కూడా మానుకొన్నది. ఒక అర్చకుని కుమార్తె. ఒక దర్జీ కుమార్తె. వారి పేర్లు చెప్పగలను, ఎవరు ఏ మూల కూర్చొనేవారో చెప్పగలను, పొమ్మన్ననాడు ఎవరు ఏమన్నారో కూడా చెప్పగలను. ఏ స్వరంమీద నిలిచి పాడేవారో మాత్రం చెప్పలేను. కన్నులు మూసుకొని ఎంత వెదకినా వారి గొంతులలో ఒక్కటి కూడా చెవికి రాదు. ఆనాడు నేను విన్నది నా పెట్టెను.